మూడేళ్ల వాక్కాయ మొక్క ఎందుకు కాయడం లేదు?

ప్రశ్న: మేము విశాఖపట్నం సాగర్‌నగర్‌లో ఉంటున్నాము. మా ఇంటికి సముద్రం బాగా దగ్గర. పూలూ కాయలూ రెండూ ఉండే అందమైన పొద మొక్క కావాలని అడిగితే నర్సరీవారు వాక్కాయ మొక్క ఇచ్చారు. దాన్ని ప్రహరీ పక్కన నేలలో నాటి మూడేళ్లు దాటింది. రోజూ బోరు నీళ్లు పెడుతున్నాము, నెలకొకసారి గుప్పెడు యూరియా వేస్తున్నాము, తోటమాలి నెలనెలా గుండ్రంగా కత్తిరిస్తున్నాడు. మొక్క దట్టంగా, నిగనిగలాడుతూ ఉంది గాని పోయిన వేసవిలో నాలుగైదు పూగుత్తులకు మించి రాలేదు, కాయ ఒక్కటీ నిలవలేదు. సముద్రం వైపు ఆకుల అంచులు మాడుతున్నాయి. మా బాబుకు ఐదేళ్లు, ముళ్లు గుచ్చుకుంటాయేమోనని భయంగా ఉంది. ముళ్ల చెట్టు ఇంటి ముందు ఉండకూడదని మా అత్తగారు కూడా అంటున్నారు. దీన్ని తీసేసి దురంతా గాని, నటాల్ ప్లమ్ గాని వేసుకోమంటారా? ఉంచితే కాయించే మార్గం ఏమిటి?

సమాధానం: అమ్మా, మొక్కను తీసేయవద్దు. మీరు రాసిన వివరాలను బట్టి దానికి తెగులేమీ ఉన్నట్టు లేదు. అది పూయకపోవడానికి కారణం దానికి అవసరానికి మించి జరుగుతున్న సేవ. నెలనెలా కత్తిరింపు, నెలనెలా యూరియా, రోజూ నీళ్లు, ఈ మూడూ కలిసి మొక్కను ఏడాది పొడవునా ఆకు వేసే పనిలోనే ఉంచుతున్నాయి. వాక్కాయ మన తూర్పు కనుమల గుట్టల మీద ఎండకు ఎండి, వానకు తడిసి, ఎవరి పోషణా లేకుండా పెరిగే కలివి పొదకు దగ్గరి చుట్టం. రాతి నేలలోనూ, ఎర్ర గరప నేలలోనూ బతకగల మొక్కకు రోజూ తడి, నెలకొక ఎరువు అందితే అది పూతకు రావలసిన అవసరాన్నే మరచిపోతుంది. ఇప్పుడు నవంబరు నడుస్తున్నది కనుక పద్ధతి మార్చుకోవడానికి సమయం ఉంది. ఇప్పటి నుంచి నేను చెప్పబోయే విధంగా చేస్తే వచ్చే వేసవికి పూతను, ఆ తరువాతి వానల్లో కాయను ఆశించవచ్చు.

ముందుగా కత్తిరింపు గురించి చెబుతాను, మీ విషయంలో అన్నిటికంటే పెద్ద కారణం అదేనని నా అభిప్రాయం. వాక్కాయకు పూత ప్రధానంగా కొమ్మల చివరన, గుత్తులుగా వస్తుంది. ఒకసారి మొక్క దగ్గరికి వెళ్లి, కంటి ఎత్తులో ఉన్న ఒక కొమ్మను జాగ్రత్తగా పట్టుకొని చూడండి. తోటమాలి కత్తెర పడిన చోట కొమ్మ మొండిగా, ఎండిన చిన్న మచ్చతో ఆగిపోయి ఉంటుంది. ఆ మచ్చకు కాస్త కింద, ఎదురెదురుగా ఉన్న రెండు ఆకుల మొదళ్ల నుంచి రెండు లేత చిగుళ్లు బయలుదేరి ఉంటాయి. ఆ చిగుళ్లు ముదిరి, వాటి కొసన మొగ్గ కట్టాలంటే వాటిని కొన్ని నెలల పాటు ఎవరూ ముట్టుకోకూడదు. మీ ఇంట్లో అవి వేలెడు పొడవు పెరగగానే మళ్లీ కత్తెర పడుతున్నది. మొక్క మళ్లీ రెండు చిగుళ్లు వేస్తున్నది, మళ్లీ అవీ పోతున్నాయి. అందువల్ల పొద రోజురోజుకూ దట్టమవుతున్నది గాని పూయగల ముదురు కొస దానికి ఒక్కటీ మిగలడం లేదు. పోయిన వేసవిలో వచ్చిన ఆ నాలుగైదు గుత్తులు బహుశా గోడ వైపున కత్తెర అందని చోటే వచ్చి ఉంటాయి. గుర్తుంటే ఒకసారి సరిచూసుకోండి.

కాబట్టి ఈ రోజు నుంచి కాయ కోత పూర్తయ్యే వరకు మొక్క మీద కత్తెర వేయనివ్వకండి. ఎండిన కొమ్మ, విరిగిన కొమ్మ, దారికి అడ్డం వచ్చే కొమ్మ, ముళ్ల గురించి చెప్పేటప్పుడు కింద ప్రస్తావించిన అడుగు కొమ్మలు, ఇవి తప్ప మరేదీ తీయవద్దు. గుండ్రని ఆకారం కొంత చెదురుతుంది, అక్కడక్కడా కొమ్మలు బయటికి పొడుచుకు వస్తాయి. అలంకరణ కోసమే పెంచేవారికి అది నచ్చకపోవచ్చు గాని, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ కొసల నిండా సువాసన గల తెల్లని పూలు విచ్చుకున్నప్పుడు ఆ పొదకు వచ్చే అందం ఏ కత్తిరింపు వల్లా రాదు. కాయలు కోసేశాక, ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకు, ఏడాదికి ఒక్కసారి గట్టిగా కత్తిరించుకోండి. పొద లోపలికి గాలి, వెలుతురు పోయేలా కొన్ని పాత కొమ్మలను మొదలంటా తీసి, మిగిలినవాటిని మూడో వంతు మేర తగ్గిస్తే చాలు. అక్కడి నుంచి వచ్చే చిగుళ్లు ముదరడానికి వేసవి లోపల నాలుగైదు నెలల సమయం ఉంటుంది. విశాఖలో ఈ వేళకు ఇంకొక ప్రయోజనం కూడా ఉన్నది. మన తీరానికి అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరంలో బరువైన తలలున్న చెట్లు ఎలా కూలిపోయాయో ఇక్కడివారు ఎవరూ మరచిపోలేదు. గాలి దూరిపోయేలా పలచబరచిన పొద ఆ కాలాన్ని సులువుగా తట్టుకుంటుంది.

ఇక యూరియా. దాన్ని పూర్తిగా మానేయండి. యూరియా ఇచ్చేది నత్రజని ఒక్కటే, నత్రజని పెంచేది ఆకును, లేత చిగురును. నెలనెలా వేస్తే మొక్క ఎప్పుడూ లేతగానే ఉంటుంది, లేత చిగురు మీదికి రసం పీల్చే పురుగులు కూడా త్వరగా చేరతాయి. మీ మొక్క వయసుకు ఏడాదికి రెండు దఫాలు ఎరువు వేస్తే సరిపోతుంది. కత్తిరింపు అయ్యాక సెప్టెంబరులో బాగా చివికిన పశువుల ఎరువు అయిదారు కిలోలు, సంక్రాంతి దాటాక జనవరి చివర్లో మరొక అయిదు కిలోలు, అందులో రెండు గుప్పెళ్ల ఎముకల పొడి కలిపి వేయండి. పశువుల ఎరువు దొరకకపోతే వర్మీకంపోస్టు దఫాకు రెండు కిలోలు వాడవచ్చు. ఎరువును కాండానికి ఆనించి పోయకుండా, కొమ్మల నీడ పడే అంచు వెంబడి వలయంగా వేసి, పైపైన మట్టితో కలపాలి. కాండం చుట్టూ లోతుగా తవ్వవద్దు, పై వేర్లు తెగుతాయి.

నీటి విషయంలో మాత్రం నెలలను బట్టి నడుచుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మొక్కను కొంచెం ఎద్దడికి గురిచేయండి. నేలలో నాటిన మూడేళ్ల మొక్కకు ఆ చలికాలంలో వారం పది రోజులకొకసారి తడి ఇస్తే చాలు. ఆకు కాస్త రంగు తగ్గినా, నాలుగాకులు పండి రాలినా కంగారు పడవద్దు. ఆ విశ్రాంతిలోనే కొమ్మలు ముదురుతాయి. సంక్రాంతి తరువాత ఎరువు వేసి, నిండుగా ఒక తడి ఇచ్చి, అక్కడి నుంచి వారానికి రెండు తడుల చొప్పున కొనసాగించండి. మొగ్గలు కనిపించాక మాత్రం ఎద్దడి పనికిరాదు. ఉగాది నాటికి పూలతో పాటు పిందెలు కూడా కనబడతాయి, ఏప్రిల్, మే నెలల ఎండలకు నేల పొడిబారితే ఆ పిందెలే ముందు రాలతాయి. ఆ రెండు నెలల్లో మూడు రోజులకొక తడి ఇచ్చి, మొదలు చుట్టూ ఎండుటాకులు గాని, కొబ్బరి పీచు గాని మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. మీ ఇంటి దగ్గర ఇసుక పాలు ఎక్కువగా ఉండవచ్చు, ఇసుక నేలలో నీరు నిలవదు కనుక అక్కడ ఈ ఆచ్ఛాదన చాలా అవసరం. జూన్‌లో వానలు పట్టాక నీళ్లు మానేసి, మొదట్లో నీరు నిలవకుండా చూసుకోవడమే పని. వాక్కాయ ఎద్దడిని భరిస్తుంది గాని వేర్ల దగ్గర నిలిచిన నీటిని భరించదు.

ఇవన్నీ చేసినా ఫలితం ఇవ్వని సందర్భం ఒకటి ఉన్నది, అది నీడ. ప్రహరీకి, ఇంటి గోడకు మధ్య ఇరుకు సందులో ఉండి, మధ్యాహ్నం రెండు మూడు గంటలు మాత్రమే ఎండ పడుతున్నట్లయితే మొక్క పచ్చగా ఉంటుంది గాని కాపు అంతంతమాత్రమే. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా పడే ఎండ కావాలి. పక్కనున్న చెట్టు కొమ్మలు అడ్డుగా ఉంటే వాటిని తగ్గించండి. అడ్డం గోడే అయితే, మూడేళ్ల పొదను పెళ్లగించి మార్చడం కంటే దాని నుంచి ఒక అంటు కట్టి, ఎండ ఉన్నచోట కొత్తగా నాటుకోవడం మంచిది.

మొక్క వయసు గురించి కూడా మీకు సందేహం ఉండవచ్చు. నర్సరీలలో దొరికే వాక్కాయ మొక్కలు చాలావరకు విత్తనం నుంచి పెంచినవే. విత్తనపు మొక్క రెండో ఏటనో, మూడో ఏటనో పూత మొదలుపెడుతుంది, నిండు కాపు రావడానికి మరికొంత కాలం పడుతుంది. పైగా విత్తనపు మొక్కల్లో ఏ రెండూ ఒకలా ఉండవు, కాయ పరిమాణంలో, రంగులో, పులుపులో తేడాలుంటాయి. ఈ తేడాల్లోంచి మేలైనవాటిని ఎంచి పంత్‌నగర్‌లోని గోవింద వల్లభ పంత్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అనే రకాలను, దాపోలిలోని కొంకణ్ కృషి విద్యాపీఠం వారు కొంకణ్ బోల్డ్ అనే రకాన్ని విడుదల చేశారు. తెల్లని కాయ మీద గులాబీ ఛాయ కమ్మినట్టుండే పంత్ మనోహర్ ఇంటి ముందు అలంకరణకు ఎంతో బాగుంటుంది. రెండో మొక్క వేసుకునే చోటు ఉంటే మాత్రం వేసుకోండి. దగ్గర దగ్గరగా రెండు పొదలుంటే పురుగులు ఒకదాని పుప్పొడిని మరొకదానికి చేరవేస్తాయి, కాయ నిలవడానికి అది తోడ్పడుతుంది. ఈసారి కొనేటప్పుడు కాపు చూసిన చెట్టు నుంచి కట్టిన అంటు మొక్కను అడిగి తీసుకోండి. విశాఖ నర్సరీలకు కడియం నుంచి మొక్కలు విరివిగా వస్తాయి కనుక ముందుగా చెబితే వారు తెప్పించి ఇవ్వగలరు.

ఆకుల అంచులు మాడటానికి మీ ఇంటి దగ్గర రెండు కారణాలుండవచ్చు, ఆ రెంటినీ విడదీసి చూడటం అవసరం. ఒకటి సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర, రెండవది బోరు నీటిలోని ఉప్పు. గాలి వల్ల అయితే మాడు సముద్రం వైపు ఉన్న పైకొమ్మల్లోనే, ప్రహరీ ఎత్తు దాటిన చోటే ఎక్కువగా కనిపిస్తుంది, ఇంటి వైపు ఆకులు శుభ్రంగా ఉంటాయి. నీటి వల్ల అయితే మాడు అన్ని వైపులా ఉంటుంది, కింది ముదురాకుల్లో ముందుగా మొదలవుతుంది, మొదలు చుట్టూ మట్టి ఆరినప్పుడు దాని మీద తెల్లని పొర తేలుతుంది. మీరు సముద్రం వైపు అని రాశారు కాబట్టి ముఖ్య కారణం గాలే అనుకుంటున్నాను. అలాంటప్పుడు ప్రమాదమేమీ లేదు. ఈదురుగాలి వీచిన మరునాడు పొద్దున్నే మంచినీటితో ఆకులను పైనుంచి కడిగేయండి, వాక్కాయ ఆకు తోలులా మందంగా ఉంటుంది కనుక ఉప్పు కడిగితే పోతుంది. తుపాను తరువాత ఆకులన్నీ మాడినట్టు కనిపించినా కొమ్మలు పచ్చిగా ఉన్నంతవరకు మొక్క తిరిగి చిగురిస్తుంది, తొందరపడి నరికేయకూడదు.

అయినా బోరు నీటిని ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. తీరానికి దగ్గరగా ఉన్న బోర్లలో వేసవి ముదిరేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. ఇంట్లో మంచినీటి యంత్రం బాగుచేయడానికి వచ్చేవారి దగ్గర టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం చూసే చిన్న పరికరం ఉంటుంది. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే నిశ్చింతగా వాడవచ్చు, 2000 దాటితే ఆ నీటితో తోట పెంచడం కష్టం. ఆ మధ్యలో ఉంటే రోజూ కొద్దికొద్దిగా పెట్టడం మానేసి, పెట్టినప్పుడు నిండుగా పెట్టాలి. రోజూ చెంబెడు పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైపొరలోనే పేరుకుంటుంది, నిండుగా పోస్తే ఆ ఉప్పు వేర్లను దాటి కిందికి దిగిపోతుంది. మున్సిపల్ నీళ్లు వచ్చే రోజున ఆ నీటితో ఒక తడి ఇవ్వండి, వానాకాలంలో మేడ మీద నుంచి పడే నీటిని మొక్క మొదటికి మళ్లించండి. ఏటా జూన్ నుంచి అక్టోబరు వరకు పడే వానలే మన తీరపు తోటల్లోని ఉప్పును కడిగేసే అసలైన మందు.

ఇప్పుడు ముళ్ల సంగతికి వస్తాను. ఐదేళ్ల పిల్లవాడున్న ఇంట్లో మీ భయం న్యాయమైనదే, దాన్ని తేలికగా తీసుకోమని నేను చెప్పను. వాక్కాయ ముల్లు అంగుళానికి పైగా పొడవుండి, సూటిగా, గట్టిగా ఉంటుంది, ఆకుల మొదళ్ల దగ్గర చాలాచోట్ల జంటగానో, చీలిపోయో ఉంటుంది. పిల్లవాడు పరుగెత్తుతూ పడితే కంటికి తగలవచ్చు. అందుకని పొద అడుగున నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు ఉన్న పక్క కొమ్మలను మొదలంటా తీసేయించి, రెండు మూడు లావు కాండాలను మాత్రం ఉంచండి. ఇది ఇప్పుడే చేయించవచ్చు, పై కొసలను ముట్టుకోరు కాబట్టి పూతకు నష్టం ఉండదు. అప్పుడు పొద చిన్న చెట్టు ఆకారంలోకి వస్తుంది, పిల్లవాడి ఎత్తులో కొమ్మలుండవు, కింద ఊడ్చుకోవడానికీ వీలవుతుంది. నడిచే దారికి, పొదకు మధ్య మూడు అడుగుల ఎడం ఉండేలా చూసి, ఆ ఎడంలో ఎత్తుగా పెరగని ఏ మొక్కలనైనా వరుసగా వేస్తే పిల్లలు అటు వెళ్లరు. కొమ్మలు కోసిన రోజున చేయవలసిన పని ఇంకొకటి ఉంది. తెగిన ముళ్ల కంపను ఒక్క పుల్ల కూడా మిగలకుండా ఏరించి పంపించేయాలి. ఎండిన ముల్లు పచ్చి ముల్లు కంటే గట్టిది, చెప్పులోంచి దిగుతుంది, స్కూటరు టైరునూ వదలదు. తోటమాలిని చేతికి మందపాటి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకోమనండి. కోసినచోట కారే పాలు చర్మానికి అంటుకొని జిగటగా ఉంటాయి, కంట్లో పడితే మండుతాయి.

మీ అత్తగారి మాటను కాదనవలసిన అవసరం లేదు. ముళ్ల మొక్క గుమ్మానికి ఎదురుగా, నడకకు అడ్డంగా ఉండకూడదని మన పెద్దలు చెప్పినది ఇంట్లోవారి కాళ్లూ చేతులూ క్షేమంగా ఉండాలనే అని నేను అనుకుంటాను. అదే పెద్దలు పొలానికీ, పెరటికీ ముళ్ల కంచెను పెంచుకున్నారు. మీ మొక్క ప్రహరీ పక్కన, కంచె ఉండవలసిన చోటే ఉన్నది. ఈ మాట ఆవిడతో నెమ్మదిగా చెప్పండి. అయినా ఆవిడ మనసుకు సరిపడకపోతే, వచ్చే వానాకాలంలో ఒక అంటు కట్టి పెరటి వైపు వేసుకొని, అది కాపుకు వచ్చాక ముందున్నదాన్ని తీయవచ్చు. ఇంటి పెద్దను నొప్పించి నిలబెట్టవలసినంతటి మొక్క ఏదీ లేదు.

దురంతా గురించి అడిగారు. పిల్లవాడి కోసం వాక్కాయను తీసి దురంతా వేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఊదా పూలు, వేలాడే పసుపు పచ్చని గుండ్రటి కాయలు ఉన్న ఆ పొద చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని ఆ కాయలు విషపూరితమైనవి, దానికి కూడా చాలా రకాల్లో ముళ్లుంటాయి. వాక్కాయ ముల్లు గుచ్చుకుంటే పిల్లవాడు ఏడుస్తాడు, మనకు తెలుస్తుంది. దురంతా కాయ నోట్లో వేసుకుంటే వెంటనే తెలియదు. ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక: వాక్కాయది గన్నేరు కుటుంబం. గన్నేరు, పచ్చగన్నేరు, నందివర్ధనం అన్నీ ఈ కుటుంబంలోనివే, అన్నిటికీ కోస్తే పాలు కారతాయి. వీటిలో పచ్చగన్నేరు కాయ ప్రాణం తీయగలదు. తినదగిన కాయ ఒక మొక్క నుంచి కోసి తినడం అలవాటైన పిల్లవాడు పక్క ఇంటి గోడ మీద కనిపించిన మరొక కాయను కూడా అలాగే నోట్లో వేసుకోవచ్చు. కాబట్టి పెద్దవారు కోసి ఇస్తేనే తినాలని మొదటి నుంచీ నేర్పండి, మీ ఆవరణలో పచ్చగన్నేరు ఉంటే దాన్ని తీసేయండి.

నటాల్ ప్లమ్ సంగతి వేరు. అది వాక్కాయకు స్వయానా తోబుట్టువు, దక్షిణాఫ్రికా తీరానికి చెందినది. పువ్వు వాక్కాయ పువ్వు కంటే పెద్దది, నక్షత్రంలా విచ్చుకొని రాత్రిపూట ఎక్కువ పరిమళిస్తుంది. కాయ పండితే ఎర్రగా, రేగిపండు కంటే పెద్దగా ఉంటుంది, బాగా పండినదే తినాలి. సముద్రపు ఉప్పుగాలిని తట్టుకోవడంలో దానికి మంచి పేరున్నది కనుక సాగర్‌నగర్‌కు తగిన మొక్కే. కానీ మీరు ఏ కారణంతో వాక్కాయను తీయాలనుకుంటున్నారో ఆ ముళ్లు దానికీ ఉన్నాయి, పాయలుగా చీలి మరీ ఉన్నాయి. ముళ్లు లేని పొట్టి రకాలు ఉన్నాయి గాని వాటిని ఎంచినది ఆకు అందం కోసం, కాపు కోసం కాదు. పైగా దాని సొంత దేశంలో రాత్రిపూట తిరిగే పురుగులు దానికి పరాగసంపర్కం చేస్తాయి, ఇతర చోట్ల ఒంటరి మొక్క పూసి కాయకుండా ఉండిపోవడం కద్దు. కాబట్టి కాయ కోసం దాన్ని నమ్ముకోవద్దు. పప్పులోకీ, పచ్చడిలోకీ పనికివచ్చే పులుపు కూడా దానిలో లేదు.

ముళ్లు లేకుండా, పిల్లవాడికి ధైర్యంగా కోసి పెట్టగలిగే పొద ఒకటి కావాలనుకుంటే బార్బడోస్ చెర్రీని పరిశీలించండి. గులాబీ రంగు చిన్న పూలు, ఎర్రని గుండ్రటి పండ్లు, పండులో విటమిన్ సి అపారం. పూసిన నెల రోజులకే పండు చేతికి వస్తుంది, ఏడాదిలో పలుమార్లు కాస్తుంది. దాని వేర్లు పైపైనే ఉంటాయి కనుక పెద్ద గాలికి ఒరిగిపోతుంది, అందుచేత సముద్రం వైపు కాకుండా ఇంటి చాటున, ఎండ తగిలే పెరట్లో నాటి, ఒక కర్ర ఊతం ఇవ్వాలి. వాక్కాయ స్థానంలో కాకుండా వాక్కాయకు తోడుగా వేసుకోమనే నా సలహా.

పురుగుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. యూరియా మానేస్తే సగం బెడద తగ్గుతుంది. కొమ్మల కణుపుల్లో తెల్లని దూదిలా పిండినల్లి కనిపిస్తే ముందు నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంకాలం పూట పిచికారీ చేయండి, వారం తరువాత మళ్లీ చేయండి. పూత విచ్చుకున్న రోజుల్లో ఏ మందూ కొట్టవద్దు. వానల్లో ఒక్కోసారి వేలెడు పొడవున్న ఆకుపచ్చ గొంగళి పురుగు కనబడుతుంది, తల వెనుక భాగాన నీలి కళ్లలాంటి రెండు మచ్చలుంటాయి. గన్నేరు మీద వచ్చేదీ అదే. ఒకటి రెండు ఉంటే కర్రతో తీసి పక్కన వేస్తే సరిపోతుంది, అది రేపు సీతాకోకచిలుకను పోలిన అందమైన పచ్చని పెద్ద రెక్కల పురుగుగా మారుతుంది, మీ బాబుకు చూపించండి.

కాయ కట్టాక నూరు రోజులకు అటూ ఇటూగా కోతకు వస్తుంది. పప్పుకు, పులిహోరకు, పచ్చడికి కావాలంటే కాయ గట్టిగా, తెలుపు గులాబీ కలిసిన రంగులో ఉన్నప్పుడే కోయాలి. ఆ దశలో పెక్టిన్ ఎక్కువ కనుక జెల్లీ కూడా చక్కగా గడ్డకడుతుంది. పండుగా తినాలంటే మరో రెండు వారాలు ఆగితే నల్లని ఊదా రంగుకు తిరిగి మెత్తబడుతుంది, పులుపులో తీపి కలుస్తుంది. అయితే జూలై, ఆగస్టు వానల్లో పండిన కాయ చెట్టు మీద త్వరగా కుళ్లుతుంది కాబట్టి రెండు మూడు రోజులకొకసారి కోసుకోవాలి. బేకరీ కేకుల మీద చెర్రీ అని పెట్టే ఎర్రని పండ్లు చాలావరకు గింజ తీసి, రంగు వేసి, పాకంలో ఊరబెట్టిన వాక్కాయలే. అదే పని మీరు రంగు వేయకుండా ఇంట్లో చేసుకోవచ్చు. బాగా నిలదొక్కుకున్న ఒక పొద నుంచి ఏటా మూడు నాలుగు కిలోల కాయ వస్తుంది, నలుగురున్న ఇంటికి ఊరగాయకూ పప్పుకూ అది చాలు. కాయలు తరిగే ముందు చేతులకూ కత్తికీ నూనె రాసుకోండి, లేకపోతే పాలు అంటుకొని ఎంత కడిగినా వదలవు. రెండుగా చీల్చి గింజ తీసిన ముక్కలను వెంటనే ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో వేస్తే జిగురు విడిపోతుంది.

అంటు కట్టదలచుకుంటే వానలు పట్టిన జూన్, జూలై నెలల్లో పెన్సిలు లావున్న కొమ్మకు అంగుళం మేర బెరడు వలయంగా తీసి, తడి కొబ్బరి పొట్టు చుట్టి, పాలిథిన్‌తో బిగించి కట్టండి. వేళ్లు పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వేళ్లు పాలిథిన్ లోంచి గోధుమ రంగులోకి మారి కనిపించాక కింద కోసి, ముందు కుండీలో నీడన పెట్టి, చిగురు వేశాక నేలలోకి మార్చండి. మీ అత్తగారి కోసం పెరటి వైపు వేసే మొక్క ఇలాగే సిద్ధం చేసుకోవచ్చు. వచ్చే వేసవి పూత చూశాక, ఆరోగ్యంగా ఉన్న కొమ్మకు గుర్తుగా ఒక దారం కట్టి ఉంచి, దానికే అంటు కట్టండి.